సున్నుండ మింగిన తళుకు

డిసెంబరు 8, ఆదివారం

మా ఆవిడ మణి సబ్బవరం వెళ్ళి వారం కావస్తోంది. వాళ్ళ చెల్లెలు సుధారాణి ఇంట్లో ఉంది. గాజువాకలో ఈ మూడు గదుల్లో నేనూ, మా పిల్లి సున్నుండా మిగిలాం.

నాకు రాసే అలవాటు లేదు. స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ కేబిన్‌లో కూర్చుంటే షిఫ్ట్ మొత్తం మాట్లాడడానికి మనిషి ఉండడు. ఇంటికొచ్చాక ఆ మాటలన్నీ మణితో చెప్పేవాణ్ని. ఇప్పుడు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.

జరిగింది చాలా చిన్న విషయం. మణి క్రిస్మస్‌కని బాల్కనీలో కాగితం నక్షత్రం కట్టింది, లోపల బల్బు పెట్టి. మణి వాళ్ళమ్మ, జోగమ్మ అత్త, ఆగస్టులో పోయింది. ఆవిడ చివరి రోజుల్లో చర్చికి వెళ్ళేది. అత్త పోయాక మణి కూడా ఆదివారాలు వెళ్తోంది. నేను ఏనాడూ వద్దనలేదు. కానీ ఆ రోజు శ్రీరామ్మూర్తి అన్నయ్య వస్తున్నాడు. అన్నయ్య ఆ నక్షత్రం చూస్తే మాట అనకుండా ఊరుకునే రకం కాదు. ఆ మాట మణి వినడం ఎందుకని నేనే విప్పి మంచం కింద పెట్టాను. అన్నయ్య వెళ్ళాక మళ్ళీ కట్టేద్దామనే.

బజారు నుంచి వచ్చింది. బాల్కనీ చూసింది. అన్నయ్యకి టీ ఇచ్చింది. ఆయన వెళ్ళాక సంచి సర్దుకుంది. అరవలేదు, ఏడవలేదు. చెప్పులు వేసుకుంటూ, "సున్నుండకి పెరుగన్నం పెట్టకండి, సేపే పెట్టండి" అంది. అంతే.

నక్షత్రం ఇంకా మంచం కిందే ఉంది. ఇప్పుడు కడితే ఎవరు చూస్తారు?

డిసెంబరు 10

ఫోన్ చేశాను. "ఊఁ" అంది, "ఆఁ" అంది, పెట్టేసింది.

డిసెంబరు 12

వెంకటేష్‌కి చెప్పాను. మా బ్యాచ్ వాడు, పెళ్ళి నాటి నుంచీ మా ఇద్దర్నీ ఎరుగున్నవాడు. క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూ విన్నాడు.

"బావ, సారీ సారీ అని ఫోన్లో సెప్తే పనవ్వదు. ఏటైనా సేసి సూపించాల."

"ఏటి సెయ్యమంటావ్?"

"నచ్చత్రం పీకేసినోడివి సెట్టే పెట్టెయ్. పెద్ద క్రిస్మస్ సెట్టు. పొటో తీసి పంపు. అప్పుడు సూడు."

నవ్వుతూ అన్నాడు కానీ, షిఫ్ట్ అయ్యేదాకా అదే ఆలోచిస్తూ ఉన్నాను.

డిసెంబరు 13

పెట్టాను!

పూర్ణా మార్కెట్ దాకా వెళ్ళి వెంకటేషూ నేనూ తెచ్చాం. ప్లాస్టిక్ చెట్టే, నా భుజం దాకా వస్తుంది. గాజు బంతులు, రంగురంగుల లైట్లు, చిన్న గంటలు. ఇంకా వెండి రంగు తళుకుల దండలు, ఓ కట్ట. కుచ్చులు కుచ్చులుగా, ముట్టుకుంటే గలగలమంటూ. కొమ్మకొమ్మకీ చుట్టాను. లైట్లు వేస్తే గది గదంతా మెరిసింది. నా ఇంట్లో నేనే పరాయివాడిలా నిలబడి చూశాను.

సున్నుండ మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని గంటసేపు దాని ముందే కూర్చుంది. దండ చివర కిందికి వేలాడుతుంటే పంజాతో కొడుతోంది, పట్టుకుని నములుతోంది. వీడియో తీశాను. మణికి ఫోటో, వీడియో రెండూ పంపాను.

చాలాసేపటికి జవాబు వచ్చింది. "బాగుంది." ఆ వెంటనే ఇంకోటి: "సున్నుండ జాగ్రత్త. దారాలు నోట్లో పెట్టుకుంటది. ఆ మెరుపువి తీసెయ్యండి."

రెండు మెసేజ్‌లు! ఇన్నాళ్ళ తర్వాత రెండు మెసేజ్‌లు. వెంకటేష్‌కి ఫోన్ చేసి చదివి వినిపించాను.

డిసెంబరు 14

పొద్దుటి ఎ షిఫ్ట్ నుంచి వచ్చేసరికి చెట్టు నేల మీద పడి ఉంది. ఒక గాజు బంతి పగిలి ముక్కలు సోఫా కింద దాకా వెళ్ళాయి. సున్నుండ ఫ్రిజ్ మీద కూర్చుని ఏమీ ఎరగనట్టు కాలు నాక్కుంటోంది.

చెట్టు లేపి, అన్నీ మళ్ళీ కట్టాను. ఒక దండ పొట్టిగా కనబడింది. కొన్నప్పుడే అంత ఉందేమో. మార్కెట్లో వాళ్ళు అన్నీ ఒకే కొలతకి కోస్తారా?

దండలు తీసెయ్యమంది కానీ, తీసేస్తే చెట్టులో ఏముంది? ఆమె వచ్చి చూడాలి కదా.

డిసెంబరు 15, ఆదివారం

సున్నుండ కాళ్ళ పట్టా మీద కక్కింది. నురగ. బొచ్చు నాక్కుంటుంది కదా, అదే అయి ఉంటుంది.

డిసెంబరు 16

చేప ముట్టుకోలేదు. కానాగంత ముక్క, ముల్లు తీసి పెట్టాను. వాసన చూసి వెళ్ళిపోయింది. మంచం కింద, మణి పడుకునే వైపు, గోడకి ముఖం పెట్టి కూర్చుంది.

అది చూడగానే నాకు అర్థమైంది. ఫోన్ చేశాను.

"మణీ, సున్నుండ తింటం లేదు."

"ఏటయింది?" ఈసారి ఊఁ అనలేదు, ఆఁ అనలేదు.

"ఏటీ అవలేదు. నీ మీద బెంగ పెట్టుకుంది. నువ్వు పడుకునే వైపే కూకుంది."

 "డాట్రుకి సూపించండి" అంది.

"డాట్రేటి సేత్తాడు? నువ్వు వత్తే తినేత్తది."

"ముందు సూపించండి."

చూపిస్తానన్నాను.

మణి గొంతులో కంగారు ఉంది. ఎన్ని రోజులకో. ఫోన్ పెట్టాక మంచం కిందికి వంగి సున్నుండతో, "నీ పుణ్యమాని వచ్చేత్తది" అన్నాను. అది నావైపు తిరగలేదు.

డిసెంబరు 17

ఇవాళా తినలేదు. మళ్ళీ కక్కింది. బెంగే. మనుషులకే తిండి సయించదు, నోరులేనిది దానికెలా సయిస్తుంది? నేను మాత్రం ఏం తింటున్నాను.

మణి అడిగితే డాక్టరు చూశాడనీ, బెంగేనన్నాడనీ చెప్పాను. ఎలాగూ రేపు తీసుకెళ్తాను కదా.

డిసెంబరు 18

 జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున్న కింద వాటా నుంచి సూర్యకాంతమ్మ గారు పైకి వచ్చారు, ఈ ఇంటి ఓనరు. నీళ్ళ మోటారు సంగతి చెప్పడానికి. సున్నుండ మంచం కింద నుంచి ఈడ్చుకుంటూ బయటికి వచ్చి గుమ్మం దగ్గర కూలబడింది. వీపు వంచుకుని, పొట్ట ముడుచుకుని. ఎప్పుడూ గుండ్రంగా ఉంటుందనే కదా దానికి ఆ పేరు పెట్టింది మణి. పక్కటెముకలు కనబడుతున్నాయి. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఇవాళ ఆవిడ చూస్తుంటే నాకు కనబడ్డాయి.

"ఏటి బాబూ, దీని తోక కింద ఏదో యేలాడతంది?"

చూస్తే, వెండి రంగు పోగు. ఒక జానెడు.

"దారం మింగినట్టుంది. ఉండు, లాగేత్తాను" అని ఆవిడ వంగి వేలికి చుట్టుకున్నారు. సున్నుండ అరిచింది. అలాంటి అరుపు నేను ఏ జంతువు నోటా వినలేదు. ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను, గట్టిగా, గాజులు నొక్కుకుపోయేలా.

"లాగకండి! లాగకండమ్మా!"

ఎందుకు అలా అన్నానో అప్పుడు నాకే తెలియదు. క్రేన్ మీద తాడు ఎక్కడో పట్టేసిందనిపిస్తే మనం చేసే మొదటి పని ఆపడం. లాగితే అవతల ఏది తెగుతుందో పైనున్న వాడికి కనబడదు. ఆ అలవాటే చేతికి వచ్చినట్టుంది.

అట్టపెట్టెలో తువ్వాలు వేసి పడుకోబెట్టి ఆటోలో గోపాలపట్నం వెళ్ళాను. అక్కడ పిల్లులకి ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఉందని వెంకటేష్ చెప్పాడు. పేరు రోజారమణి. దారంతా పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆ మెరిసే పోగు వైపే చూస్తున్నాను. నా మనసు ఇంకా అంటూనే ఉంది: ఇది వేరే ఏదో అయి ఉంటుంది.

"ఇంట్లో దారాలు, రిబ్బన్లు, క్రిస్మస్ అలంకరణ లాంటివి ఏమైనా ఉన్నాయా?" డాక్టరు అడిగింది.

"లేవు మేడమ్" అన్నాను. అనేశాను. నోరు దానంతట అదే అనేసింది.

ఆవిడ సున్నుండ నోరు తెరిచి, గొంతు కింద నుంచి బొటనవేలితో నాలుకని పైకి నొక్కి, "ఇలా రండి" అంది.

నాలుక అడుగున, వేరు దగ్గర, తళుకు చుట్టుకుని ఉంది. మెడకి ఉరి పడ్డట్టు. మాంసాన్ని కోసుకుంటూ లోపలికి దిగిపోయింది. చుట్టూ ఎర్రగా వాచి ఉంది. అంత వాపులోనూ ఆ పోగు లైటు పడగానే మెరిసింది. నా గదిలో మెరిసినట్టే.

"ఒక కొస ఇక్కడ పట్టేసింది. మిగతాది కడుపులోంచి పేగుల్లోకి వెళ్ళింది. లంగాకి బొందు లాగితే గుడ్డ ఎలా కుచ్చులు పడుతుంది? పేగు అలా కుచ్చులు పడిపోయింది. ఈ దారమే పేగుని లోపల్నుంచి కోసేస్తుంది. ఎవరైనా లాగారా?"

"పట్టుకున్నారు. ఆపేశాను."

"మంచి పని చేశారు. లాగి ఉంటే ఇక్కడికి తెచ్చేవారు కాదు. ఎన్నాళ్ళ నుంచి తినడం లేదు?"

చెప్పాను.

"మరి ఇన్నాళ్ళూ?"

బెంగ అనుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు.  

"మా ఇంట్లో చెట్టు ఉంది మేడమ్" అన్నాను. "నేనే పెట్టాను."

 ఆవిడ సున్నుండ కాలికి సూది గుచ్చి సెలైన్ పెట్టింది. ఒంట్లో నీరు లేదు, ఇప్పుడే కోస్తే తట్టుకోలేదు, రేపు పొద్దున్నే కోస్తాను, మిగతాది దాని ఓపిక అంది.

మణికి ఫోన్ చేశాను. నిజం మొత్తం చెప్పాను.  పెట్టేసింది.

ఇంటికి వచ్చి దండలన్నీ పీకి కవర్లో కుక్కాను. చెట్టుని ఎత్తి బాల్కనీలో పడేశాను. లోపలి నుంచి చూస్తే ఇంకా మనిషి నిలబడ్డట్టే ఉంది.

డిసెంబరు 19

మణి నాకంటే ముందే ఆసుపత్రికి వచ్చింది. సబ్బవరం నుంచి మొదటి బస్సు పట్టుకున్నట్టుంది. జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు. సున్నుండ ఉన్న బోను ముందు నేల మీద కూర్చుని, కమ్మీల్లోంచి వేలు పెట్టి దాని చెవి వెనక రాస్తోంది. నన్ను చూసి లేచింది.

"డాట్రు సూసి బెంగన్నాడని సెప్పావు."

పెళ్ళయ్యాక ఆమె నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. ఆమెకి ఆ సంగతి తెలిసినట్టు కూడా లేదు.

"మణీ, నాను..."

"తీసెయ్యమన్నాను. రాసి మరీ పంపాను. సదవనేదా?"

"సదివాను."

"మరి?"

రెండు మెసేజ్‌లు వచ్చాయన్న సంతోషంలో ఆ మాట పట్టించుకోలేదనీ, చెట్టు బోసిపోతుందని దండలు ఉంచేశాననీ ఎలా చెప్పను? నేను నేల చూస్తున్నాను. కాంపౌండర్ చీపురు ఆపి మా ఇద్దరినీ చూస్తున్నాడు.

"నీకు నాను కావాలంటే, నాను కావాలని సెప్పు. దాని నోటితో సెప్పించకు. ఆకలితో సచ్చిపోతంటే, నా మీద బెంగని దానికి అంటగట్టేవు." గొంతు పెంచలేదు.  "నోరునేని దాని మీదెట్టి మాటాడతావేటి?"

అప్పుడే డాక్టరు వచ్చి బోను తెరిచింది. సున్నుండ తల కూడా ఎత్తలేదు.

బయట బెంచీ మీద కూర్చున్నాం. మధ్యలో మణి సంచి. హైవే మీద లారీలు పోతున్నాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది. నాకు ఏ దేవుణ్ని ఏమని అడగాలో తోచలేదు. కళ్ళు మూసుకుంటే నాలుక కింద మెరిసిన పోగే కనిపిస్తోంది. ఇలా రాస్తున్నప్పుడు కూడా.

చాలాసేపటికి డాక్టరు మాస్కు కిందికి లాగుకుంటూ వచ్చింది.

"పేగుని నాలుగైదు చోట్ల తెరవాల్సి వచ్చింది. ఒకచోట నల్లబడింది, ఆ ముక్క తీసేసి కుట్టాను. ఇంకొక్క రోజు ఆగి ఉంటే అక్కడ చిల్లు పడేది."

"బతుకుతాదా అమ్మా?" మణి అడిగింది.

"గుండె కొట్టుకుంటోంది. కుట్లు నిలబడాలి. రెండు మూడు రోజులు గడిస్తే గానీ నేను మాటివ్వలేను."

తీసిన దాన్ని స్టీలు ట్రేలో చూపించింది. రంగు పోయి, మురికి పట్టి, ఇంత పొడుగు. ఇది అంత చిన్న ఒంట్లో ఎలా పట్టింది? మణి చూసి బయటికి పరిగెత్తింది. నేను చూస్తూ నిలబడ్డాను. చూడాలనిపించింది. చూడకుండా ఉండే హక్కు నాకు లేదనిపించింది.

డిసెంబరు 20

బతికే ఉంది.

డిసెంబరు 21

జ్వరం వచ్చింది. సాయంత్రానికి తగ్గింది. మణి పగలంతా ఆసుపత్రిలోనే ఉంటోంది, చీకటి పడే వేళకి సబ్బవరం బస్సు ఎక్కుతోంది. నేను షిఫ్ట్ దిగి వెళ్ళేసరికి ఆమె బస్సు టైమవుతుంది. "ఇంటికి రా" అని అడగబోయి ఆగాను. అడగాల్సిన చోటు అది కాదు. ఇంకెప్పుడూ దాన్ని అడ్డం పెట్టుకుని అడగను.

నా కళ్ళ ముందే నీళ్ళు నాకింది, రెండు గుక్కలు. డాక్టరు ఆ గిన్నె పట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది.

డిసెంబరు 22, ఆదివారం

ఇంటికి పంపారు. మెడకి ప్లాస్టిక్ గరాటు, పొట్ట మీద బొచ్చు గీసేసి కుట్లు. మెత్తని తిండి కొంచెం కొంచెంగా పెట్టాలి, మందు రెండు పూటలా వెయ్యాలి, గెంతనివ్వకూడదు.

ఆటో పిలిచాను. మణి పెట్టె పట్టుకుని ఎక్కింది. తన సంచి కూడా ఎక్కించింది.  గాజువాకలో దిగాక ఆ సంచి నేను అందుకోబోతే ఇవ్వలేదు.

మెట్ల దగ్గర అడిగేశాను. "నువ్వు కావాలి మణీ. పిల్లి సంగతి కాదు. నాకే కావాలి. నచ్చత్రం విప్పడం తప్పే. అన్నయ్యకి బయపడ్డాను."

ఆమె ఒక మెట్టు పైన నిలబడి విన్నది.

"నువ్వు పిలిసేవని రానేదు. పిల్లి కోసమూ కాదు. ఈ ఇల్లు నాది కూడా. నాను ఎందుకు ఎల్లిపోవాల అని సబ్బవరంలో కూకుని ఆలోసించేను. అందుకొచ్చేను."

మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఇన్నాళ్ళూ ఆమె తిరిగి రావడం గురించే ఆలోచించాను. ఎవరింటికి వస్తోందో ఒక్కసారైనా ఆలోచించానా?

డిసెంబరు 23

చెట్టుని అవతల పారేస్తానన్నాను. "సెట్టేటి సేసింది?" అంది మణి.

తనే లోపలికి తెచ్చింది. కాండాన్ని కిటికీ కమ్మీకి లావుపాటి తాడుతో బిగించి కట్టమంది. కట్టాను, ఊపి చూసింది, మళ్ళీ కట్టించింది. గాజు బంతులన్నీ మూట కట్టి అటక మీద పెట్టింది. తళుకుల కవరు కిందికి తీసుకెళ్ళి చెత్తబండికి ఇచ్చి, బండి మలుపు తిరిగేదాకా చూసి వచ్చింది. లైట్ల తీగ పై కొమ్మలకి మాత్రమే. ఇంట్లో మనిషి లేకపోతే ప్లగ్గు పీకెయ్యాలి. అలంకారానికి అట్టముక్కలు. పాత పెళ్ళిపత్రికల అట్టలు చేపలుగా, చిలకలుగా కత్తిరించి బట్టల క్లిప్పులతో కొమ్మలకి పెట్టింది. ఎక్కడా దారం లేదు, వేలాడేదంటూ లేదు.

సూర్యకాంతమ్మ గారు వచ్చి, "పిల్లికి ఆపరేసనేటమ్మా, మా కాలంలో ఇన్నామా కన్నామా" అని బుగ్గలు నొక్కుకున్నారు. తర్వాత సున్నుండ ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. వెళ్తూ వెళ్తూ, "నాను లాగేసుంటే ఏటయ్యీది బాబూ" అన్నారు, మెల్లగా. ఆవిడ కూడా నిద్రపోవడం లేదట.

డిసెంబరు 24

అన్నయ్య ఫోన్. రేపు సెలవు కదా, వస్తానన్నాడు. మణి వంటింట్లో బియ్యప్పిండి జల్లిస్తోంది. జల్లెడ చప్పుడు ఆగింది.

"రా అన్నయ్యా" అన్నాను. "ఇంట్లో క్రిస్మస్ సేసుకుంతన్నాం. సెట్టు పెట్టాం. మణి పొద్దున్న సర్చికి ఎల్తది. వచ్చేక బోయినం సేద్దాం."

"ఏటి? ఎవులింట్లో?"

"మా ఇంట్లో."

  "సూద్దాంలే" అని పెట్టేశాడు.

జల్లెడ చప్పుడు మళ్ళీ మొదలైంది.

డిసెంబరు 25

అన్నయ్య రాలేదు. వెంకటేష్ వచ్చాడు. పిండివంటలు తిన్నాడు, చెట్టు ముందు ఫోటో దిగాడు. "ఐడియా నాదే" అని మణితో అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

మణి చర్చి నుంచి వచ్చాక సున్నుండ గరాటుతోనే గిన్నెలో తల దూర్చి చేప గుజ్జు మొత్తం తినేసింది. గిన్నె నేల మీద జరుగుతూ గోడ దాకా వెళ్ళింది. ఇద్దరం గుమ్మంలో నిలబడి చూశాం. మణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను దగ్గరికి జరగలేదు. ఆమె కూడా దూరం జరగలేదు.

పడుకోబోతూ, "రేపు ఏ సిఫ్టు?" అని అడిగింది.

"బి. మద్దేనం ఎల్లాల."

"అయితే పొద్దుటి మందు నువ్వెయ్యి. రాత్రిది నాను వేత్తాను."

మళ్ళీ 'మీరు'లోకి వెళ్ళలేదు. వెళ్తుందని నేను అనుకోవడం లేదు.

మందు కొద్ది రోజులే, డాక్టరు ఇద్దరి ముందే చెప్పింది. ఆ తర్వాత ఎవరు ఏం చెయ్యాలో మణి చెప్పలేదు, నేను అడగలేదు. పొద్దుటి మందుకి అలారం పెట్టుకున్నాను.